పగలు ఉలి, రాత్రి శాసనసభ

ఆస్ట్రేలియా శ్రామిక రాజకీయాల గురించి చదివినప్పుడల్లా నా మనసు ప్రధానమంత్రుల దగ్గర కాక, చార్లెస్ జార్డిన్ డాన్ అనే రాతిపనివాడి దగ్గర ఆగిపోతుంది. 1820లో స్కాట్లాండ్‌లో పుట్టిన ఆయన మొదట చేనేత నేర్చుకున్నాడు; కార్మికులకూ ఓటుహక్కు ఉండాలన్న చార్టిస్టు ఉద్యమంలో మాట్లాడడం అలవరచుకున్నాడు. 1853లో, బంగారం కోసం ప్రపంచమంతా విక్టోరియా వలసరాజ్యానికి పరుగెత్తుతున్న రోజుల్లో, మెల్‌బోర్న్ చేరాడు.

1856లో ఆ నగరపు రాతిపనివారు పనిముట్లు కిందపెట్టి ఊరేగి, రోజుకు ఎనిమిది గంటల పనిదినాన్ని సాధించుకున్నారు. పెద్ద పశువుల కామందుల గుప్పిట్లో ఉన్న భూములు సామాన్యులకు దక్కాలన్న ఆందోళనలోనూ డాన్ గొంతు వినిపించింది. 1859లో కాలింగ్‌వుడ్ ఓటర్లు ఆయనను శాసనసభకు పంపారు.

అసలు చిక్కు అక్కడే మొదలైంది. అప్పట్లో సభ్యులకు జీతం లేదు. కనుక ఆస్తిపరులకు అది గౌరవం, కూలి మీద బతికేవాడికి భారం. డాన్ పగలంతా రాళ్లు చెక్కి, సాయంత్రం ఆ చేతులతోనే సభలో కూర్చునేవాడు. ఓటుహక్కు ఇచ్చి జీతం ఇవ్వకపోవడం, నా దృష్టిలో, తలుపు తెరిచి గడపను ఎత్తుగా కట్టడమే.

1864లో ఆయన సభాజీవితం ముగిసింది. రెండేళ్లకే, 1866లో, కన్నుమూశాడు. విక్టోరియా సభ్యులకు ఏటా 300 పౌండ్ల వేతనం ఇచ్చే చట్టం 1870లో గాని రాలేదు.