జిహ్వాఫలము

పరకాల వైపున్న మా పల్లె క్రైస్తవ సంఘంలో కోత పండుగ, పత్తి మొదటి ఏరుడు ముగిసి వరి ధాన్యం కల్లాల్లో ఆరుతున్న రోజుల్లో వస్తుంది. ఆ ఆదివారం గుడిలో ప్రభు భోజనం పెట్టే సంస్కారపు బల్ల ముందున్న నేల అంగడిలా నిండిపోతుంది. సంచుల్లో కొత్త వడ్లు, గుమ్మడికాయలు, సొరకాయలు, కాళ్లు కట్టిన నాటుకోడి, ప్రసంగం మధ్యలో అది పెట్టే అరుపులు. ఆరాధన అయ్యాక వీటన్నిటికీ వేలం పాట ఉంటుంది; మన భాషలో వేలాన్ని కూడా పాట అనే అంటారన్నది నాకు ఎప్పుడూ ముచ్చటగా తోస్తుంది. కొన్నేళ్ల క్రితం, కాయ పగిలే వేళకు వరుసగా వానలు పడి చేలన్నీ తడిసిపోయిన ఏడాది, ఒక పెద్దమ్మ కొంగులో మూటగట్టి తెచ్చిన పత్తిని ఆ బల్ల ముందు పోసింది. అది నల్లబడి, ఉండలు కట్టి, అక్కడక్కడ గింజ మొలకెత్తి ఉంది. సంఘపెద్ద ఒకాయన వంగి చూసి, "ఇదెందుకు తెచ్చినవ్ పెద్దమ్మా?" అని మెల్లగా అడిగాడు. "ఉన్నది గిదే బిడ్డా. మంచిగ పండితే మంచిదే తెస్తుంటి" అని చెప్పి ఆమె వెనక్కి వెళ్లి, చాప మీద కూర్చుని, అప్పటికే మొదలైన కీర్తనలో చరణం మధ్య నుంచి గొంతు కలిపింది.

ఆ రోజు ప్రసంగ వాక్యం బైబిల్లోని హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 13వ అధ్యాయం 15వ వచనం: "కాబట్టి ఆయనద్వారా మనము దేవునికి ఎల్లప్పుడును స్తుతియాగము చేయుదము, అనగా ఆయన నామమును ఒప్పుకొనుచు, జిహ్వాఫలము అర్పించుదము." ఆదివారపు బడిలో కంఠతా పట్టి, బహుమానంగా ఒక పెన్సిలు కూడా తెచ్చుకున్న వాక్యమిది. అయినా స్తుతి అన్న మాట పక్కన యాగం అన్న మాట ఎందుకు వచ్చి కూర్చుందో ఆ పత్తి కుప్పను చూసేదాకా నాకు తట్టలేదు.

యాగం అంటే ఇంట్లోంచి ఏదో ఒకటి పోవాలి. లేవీయకాండము 7వ అధ్యాయంలోని కృతజ్ఞతార్పణ విధి చూస్తే, సమాధానబలిగా, అంటే అర్పించినవారూ తినే బలిగా, ఇచ్చే పశువుతో పాటు పొంగని రొట్టెలూ పొంగిన రొట్టెలూ తేవాలి. ఆ మాంసాన్ని అర్పించిన రోజే తినాలి, తెల్లవారేదాకా ఏమీ మిగల్చకూడదు. మొక్కుబడి బలినీ స్వేచ్ఛార్పణనూ మరునాడు కూడా తినవచ్చు గానీ కృతజ్ఞతార్పణకు మాత్రం ఆ ఒక్క రోజే గడువు. కారణమేమిటో ఆ అధ్యాయం చెప్పదు. కానీ మటన్ కూర ఎంతమందికి సరిపోతుందో తెలిసిన ఏ పల్లెటూరి ఇల్లాలినైనా అడిగితే, ఒక ఇంటివాళ్లు ఒక్క పూటలో ఒక పశువును తినలేరనీ, నలుగురినీ పిలుచుకోక తప్పదనీ ఇట్టే చెబుతుంది. దేవునికి కృతజ్ఞత చెప్పిన రోజున పొరుగువాడి పొయ్యి మీద ఎసరు పెట్టవలసిన అవసరం లేకుండా పోయేదన్నమాట. హెబ్రీ పత్రిక రాసిన ఆయన మనసులో కూడా ఈ లెక్క ఉండే ఉంటుంది. ఎందుకంటే మరుసటి వచనంలోనే "ఉపకారమును ధర్మమును చేయ మరచిపోకుడి" అని, వాటిని కూడా యాగాలనే పిలిచాడు. 15వ వచనాన్ని గోడ మీద అందంగా రాయించి 16వ వచనాన్ని బైబిల్లోనే వదిలేసే అలవాటు మనకుంది.

సంఘపెద్ద అడిగిన ప్రశ్న తప్పని నేననను, దానికి లేఖనాధారం ఉంది. గ్రుడ్డిదాన్నీ కుంటిదాన్నీ బలిపీఠం మీదికి తెచ్చేవారిని మలాకీ ప్రవక్త తీవ్రంగా గద్దిస్తాడు. అయితే ఆ అధ్యాయం చివరి వచనంలో శాపం ఎవరి మీద పడిందో నిదానంగా చదవాలి: తన మందలో మంచి పోతు ఉండగా చెడిపోయినదాన్ని అర్పించే వంచకుడి మీద. మంద అంతా చెడిపోయినవాడి గురించి మలాకీ ఏమీ అనలేదు. అటువంటివాడి పాటను తెలుసుకోవాలంటే హబక్కూకు దగ్గరకు వెళ్లాలి. అంజూరపు చెట్లు పూయకపోయినా, చేనిలోని పైరు పంటకు రాకపోయినా, దొడ్డిలో గొఱ్ఱెలు లేకపోయినా "నేను యెహోవాయందు ఆనందించెదను" అన్నాడాయన. ఇదే మనిషి తన గ్రంథం మొదట్లో, నేను మొఱ్ఱపెట్టినా ఎన్నాళ్లు వినకుండా ఉంటావని దేవుణ్ణి నిలదీశాడు. ఆ నిలదీత ముగింపు పాటలో కొట్టివేయబడలేదు. పైగా ఆ పాట చివర తంతివాద్యాలతో పాడాలని ప్రధాన గాయకునికి సూచన కూడా ఉంది, అంటే అది ఒంటరిగా గొణుక్కునేది కాదు, నలుగురిలో శ్రుతి చేసుకుని పాడేది. కష్టంలో ఉన్నవారిని "స్తోత్రం చెప్పండి, బాధ పోతుంది" అని ఓదార్చడం నాకు నచ్చదు. 22వ కీర్తనలో "నీవు ఇశ్రాయేలు చేయు స్తోత్రములమీద ఆసీనుడవై యున్నావు" అన్న మాట మనకందరికీ ప్రియమైనదే. కానీ అది ఉన్నది "నా దేవా, నా దేవా, నీవు నన్నేల విడనాడితివి" అన్న కేకకు రెండు వచనాల దూరంలో. సిలువ మీద యేసు నోట వచ్చిందీ ఆ కేకే.

ఒప్పుకొనుచు అన్న మాటను కూడా తేలికగా దాటేయకూడదు. తప్పును ఒప్పుకుంటాం, అప్పును ఒప్పుకుంటాం, సంబంధాన్ని ఒప్పుకుంటాం. ఒప్పుకున్నాక వెనక్కి తగ్గడానికి ఉండదు. ఈ పత్రిక అందుకున్నవారు అలా ఒప్పుకున్నందుకే ఆస్తులు కోల్పోయినవారని 10వ అధ్యాయం చెబుతుంది. యేసు గవిని వెలుపల, అంటే పట్టణ ద్వారం బయట, శ్రమపడ్డాడు గనుక మనమూ ఆయన నిందను భరిస్తూ శిబిరం వెలుపలికి వెళ్దామని పిలిచిన వెంటనే స్తుతియాగం మాట వస్తుంది. ఊరి వెలుపలి వాడల్లో పుట్టిన సంఘాలకు ఈ వరుస భాష్యం అక్కర్లేకుండానే అర్థమవుతుంది. 1912లో ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్‌గా అభిషేకం పొందిన డోర్నకల్ అజరయ్య కాలంలో సంఘంలో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవారే. బాప్తిస్మం తీసుకునేటప్పుడు ఆయన వారి చేత తమ తల మీద చెయ్యి పెట్టించి, "సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ" అని చెప్పించేవాడు. అక్షరం రాని నోటికి కూడా అర్పించడానికి ఒక ఫలం ఉందని ఇంతకంటే సూటిగా నేర్పడం కష్టం.

అయినా ఆ నోటికి తోడుగా ఏది మోగాలన్న విషయంలో మనం చాలాకాలం తటపటాయించాం. నా చిన్నతనంలో మా గుడిలో హార్మోనియం, తబలా, తాళాలు ఉండేవి గానీ డప్పును గడప దాటనిచ్చేవారు కాదు; అది చావుకు కొట్టేది, జాతరకు కొట్టేది అనేవారు. కొట్టే చేతులకు బాప్తిస్మమైంది గానీ డప్పుకు కాలేదన్నమాట. 150వ కీర్తనలో "తంబురతోను నాట్యముతోను" అని చదివినప్పుడు మనం తీగెల తంబురాను ఊహించుకుంటాం. హెబ్రీ మూలంలో అక్కడున్న తోఫ్ అనే మాటకు అర్థం చట్రానికి తోలు బిగించి చేత్తో వాయించే వాద్యం. మన వాద్యాల్లో దానికి దగ్గరి చుట్టం ఏదో వేరే చెప్పనక్కర్లేదు. ఇప్పుడు మా ఊళ్లో క్రిస్మస్ ఊరేగింపు ముందు డప్పే నడుస్తుంది. కీబోర్డూ సౌండ్ బాక్సులూ కూడా వచ్చాయి; వాటితో నాకు పేచీ లేదు. శబ్దం పెంచి పక్కన కూర్చున్న ముసలివాళ్ల గొంతు వాళ్లకే వినబడకుండా చేసినప్పుడు మాత్రం, జిహ్వాఫలాన్ని తెచ్చినవారి చేతుల్లోనే ఉంచేసి పంపిస్తున్నామేమో అనిపిస్తుంది.

ఆ కోత పండుగ నాడు వేలం పాటలో కోడికి పోటీ బాగా పెరిగింది, గుమ్మడికాయలు తలా ఒకటి పట్టుకెళ్లారు. పత్తిని ఎవరూ పాడలేదు, సంఘపెద్ద కూడా దాన్ని పాటకు పెట్టలేదు. పాస్టరమ్మగారు దాన్ని గోనెపట్టా మీద నాలుగు రోజులు ఎండబోసి, మొలకెత్తిన గింజలన్నీ ఏరేసి, పాత చీర గుడ్డతో చిన్న దిండు కుట్టారు. హార్మోనియం వాయించే తాతగారు ఇప్పటికీ ప్రతి ఆదివారం దాని మీదే కూర్చుని మొదటి కీర్తనకు శ్రుతి అందిస్తారు.