బేకర్ జనాభా లెక్క తేల్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది

నిన్న రాత్రే మార్కులొచ్చాయి. కోపం చల్లారితే మొహమాటం అడ్డొస్తుంది, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

ఇక్కడ కాలిఫోర్నియాలో ఓ కమ్యూనిటీ కాలేజీలో జీఐఎస్ (కంప్యూటర్ మీద మ్యాపులు, వాటి డేటాతో పని) సర్టిఫికెట్ చేస్తున్నాను. ఆఖరి ప్రాజెక్టు ఏమిటంటే, మునిసిపాలిటీ లేని ఓ చిన్న ఊరు తీసుకుని దాని భూగోళం, జనాభా మీద మ్యాపులు వేసి రిపోర్టు రాయాలి. నేను బేకర్ తీసుకున్నా. లాస్ ఏంజిలెస్ నుంచి వేగాస్ వెళ్ళే మనవాళ్ళకి ఈ ఊరు తెలియకుండా ఉండదు. ఐ-15 హైవే మీద వెళ్తుంటే పిల్లలు బాత్‌రూమ్ అన్నప్పుడు ఆగే చోటు అదే. ఆ 134 అడుగుల థర్మామీటర్ ఉన్నదీ అక్కడే. 1913 జూలై 10న డెత్ వ్యాలీలో నమోదైన 134 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి గుర్తుగా, డిగ్రీకో అడుగు లెక్కన 1991లో కట్టారు.

మ్యాపుల పని హాయిగా అయిపోయింది. హద్దుల షేప్‌ఫైల్ (మ్యాపు గీతలుండే ఫైలు) సెన్సస్ బ్యూరో ఉచితంగానే ఇస్తుంది.

భూగోళం అయితే ఇష్టంగా రాశాను. ఊరు సుమారు 930 అడుగుల ఎత్తులో ఉంది. దక్షిణాన సోడా లేక్, ఉత్తరాన సిల్వర్ లేక్. పేరుకే చెరువులు, దాదాపు ఎప్పుడు చూసినా ఎండి నెర్రెలిచ్చిన తెల్లటి నేల. సాన్ బెర్నార్డినో కొండల్లో పుట్టిన మొహావీ నది సముద్రం వైపు పోకుండా ఎడారిలోకి తిరిగి, చాలా దూరం ఇసుక కిందే పారి, సోడా లేక్ దగ్గర ఇంకిపోతుంది. పెద్ద వరదొస్తే సిల్వర్ లేక్‌లోకీ నీళ్ళు చేరతాయి. క్లాసులో మిగతావాళ్ళకి ఇదో వింత. అనంతపురంలో పెన్నను చూస్తూ పెరిగినదాన్ని, ఇసుక కింద నది ఉంటుందని నాకొకరు చెప్పాలా! 1908లో టోనోపా అండ్ టైడ్‌వాటర్ రైలు స్టేషన్‌గా ఊరు పుట్టింది. 1940లో రైలు ఆగిపోయింది కానీ అప్పటికే రోడ్డు ఉంది కాబట్టి ఊరు మిగిలింది.

ఇక జనాభా. 2010 సెన్సస్‌లో 735, 2020లో 442. స్లైడ్ మీద ఈ రెండే పెట్టాను.

జూమ్‌లో చెప్తుంటే మా ఇన్‌స్ట్రక్టర్ మధ్యలో అందుకున్నారు. "442 ఏమిటి? నేను ఎప్పుడు ఆగినా ఒక్క బాత్‌రూమ్ లైన్లోనే అంతమంది ఉంటారే!" అందరూ నవ్వారు. నవ్వితే నవ్వారు, సెన్సస్ లెక్కపెట్టేది మామూలుగా అక్కడ నివసించేవాళ్ళనేగానీ పెట్రోల్ కొట్టించుకుని పోయేవాళ్ళని కాదని మర్యాదగానే చెప్పాను. అప్పుడు ఆయన "మరి సిటీ హాల్ ఏమంటోంది? మేయర్ ఆఫీసు వెబ్‌సైట్ చూశావా?" అన్నారు. మునిసిపాలిటీ లేని ఊరే తీసుకోవాలని షరతు పెట్టింది ఈయనేనండీ! మేయర్ లేడు, కౌన్సిల్ లేదు, పోలీసంటే కౌంటీ (మన జిల్లాలాంటిది) షెరిఫ్, ఇల్లు కట్టాలన్నా కౌంటీ పర్మిషనే, కొన్ని స్థానిక సేవలకు కమ్యూనిటీ సర్వీసెస్ డిస్ట్రిక్ట్ అనే స్థానిక సంస్థ ఒకటుంది, బడికి అలాంటిదే వేరే డిస్ట్రిక్ట్ అని వివరించాను. మొత్తం విని, "సరే, అంటే నీకు దొరకలేదన్నమాట" అన్నారు. కెమెరా ఆన్‌లోనే ఉంది. నా మొహం నాకే కనిపిస్తోంది స్క్రీన్ మీద.

మన దగ్గర నాలుగొందల గడప లేని పల్లెలోనూ సర్పంచ్ ఉంటాడు, తిట్టుకోవడానికైనా ఓ మనిషి దొరుకుతాడు. ఇక్కడ కౌంటీ ఆఫీసులున్న ఊరు వంద మైళ్ళకి అవతల. ఆ కౌంటీ ఎంతనుకున్నారు? ఇరవై వేల చదరపు మైళ్ళ పైమాట. మా పాత అనంతపురం జిల్లాలు రెండు పట్టినా ఇంకా జాగా మిగులుతుంది.

అక్కడితో అయిపోలేదు. రిపోర్టు వెనక్కొచ్చింది, 442 చుట్టూ ఎర్ర గీతతో. ఆన్‌లైన్లో వేరే సంఖ్య కనిపిస్తోందట, సరిచేయమన్నారు. ఆ వేరే సంఖ్య అమెరికన్ కమ్యూనిటీ సర్వేది. అది తలలు లెక్కపెట్టింది కాదు, ఐదేళ్ళ శాంపిల్ మీద వేసిన అంచనా. పక్క కాలమ్‌లో మార్జిన్ ఆఫ్ ఎర్రర్ (అంచనా ఎంత అటూ ఇటూ తప్పొచ్చో) ఉంటుంది, ఇంత చిన్న ఊళ్ళకి అది చాలాసార్లు అంచనాతోనే పోటీ పడుతుంది. ఆ కాలమ్ ఆయన చూడలేదు. అసలు కిటుకు ఇంకోటుంది. 2020 సెన్సస్‌లో ఎవరి వివరాలూ బయటపడకుండా, రాష్ట్రం మొత్తం జనాభాని మాత్రం ఉన్నదున్నట్టు ఉంచి, కిందిస్థాయి లెక్కల్ని కావాలనే కాస్త అటూ ఇటూ కదిపారు. ఇల్లే లేని బ్లాకులో మనుషులున్నట్టు డేటాలో కనిపించేది అందుకే. కోటిమంది ఉన్న కౌంటీకి అది లెక్కలోకి రాదు, బేకర్‌కి వస్తుంది. కాబట్టి ఆ 442 కూడా అచ్చంగా 442 అని ఒట్టు వేయలేం. ఇదంతా సెన్సస్ బ్యూరో డాక్యుమెంట్ల పేజీ నంబర్లతో సహా రాసి, ఒక్క అంకె మార్చకుండా మళ్ళీ పంపాను.

మా నాన్న టీచరు. 1991లో, 2001లో ఎన్యూమరేటర్‌గా మండుటెండలో గడప గడపా ఎక్కినవాడు. ఒక సంఖ్య వెనక ఎంత నడక ఉంటుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. 2021లో మన దేశంలో జరగాల్సిన లెక్క వాయిదా పడితే అందరికంటే ఎక్కువ బాధపడిందీ ఆయనే.

నిన్న వచ్చిన మార్కులు నూటికి నూరు. క్లాసులో ఇంకెవరికీ రాలేదు, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. కామెంట్ మాత్రం "గుడ్ రివిజన్" అట. రివిజన్ ఎక్కడ చేశానండీ!

ఇలాంటి ప్రాజెక్టు చేసేవాళ్ళు రెండు సెన్సస్‌ల హద్దుల ఫైళ్ళు ఒకదానిమీద ఒకటి వేసి చూడకుండా జనం తగ్గారనో పెరిగారనో రాయకండి. ఈ ఊళ్ళకి గీత గీసేది లెక్కల కోసమే, సెన్సస్‌కీ సెన్సస్‌కీ ఆ గీత పక్కకి జరగొచ్చు. ఊరు కళ్ళారా చూస్తే మంచిదే, కానీ వేసవిలో మిట్టమధ్యాహ్నం వద్దు. పెట్రోల్ దారిలో ముందే వచ్చే బార్‌స్టోలోనే కొట్టించుకోండి, బేకర్ బంకు బోర్డు చూస్తే కళ్ళు తిరుగుతాయి.