పాత వెదురు గాలం కర్ర: ఆరో వారానికి ఎక్కడిదాకా వచ్చింది

చేతికొచ్చినప్పుడు కర్ర రెండు ముక్కలుగా ఉంది, కలిపితే 8 అడుగులు. వార్నిష్ నల్లబడి పెచ్చులు లేచింది, కొసముక్క ఒక పక్కకి వంగింది, మూడు గైడ్ రింగుల (గాలం దారం వీటిలోంచే వెళ్తుంది) దగ్గర వాటిని కట్టిన పట్టుదారం ఊడి వేలాడుతోంది.

చూడ్డానికి ఒకే బొంగులా ఉన్నా, ఇది వెదురును చీల్చి, మూడు పలకలుగా చిత్రికపట్టిన 6 బద్దల్ని అతికించి చేసిన కర్ర. ఇలాంటి వాటికి ఎక్కువగా వాడింది దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో పెరిగే టోంకిన్ వెదురు. 1950లో చైనా సరుకు మీద అమెరికా నిషేధం పెట్టాక అమెరికాలోని కర్రల తయారీదారులకు ఆ వెదురు అందలేదు. దాని చోటుని ఫైబర్‌గ్లాస్ ఆక్రమించేసింది. మిగిలిన ఇలాంటి పాత కర్రల్లో ఒక్క పోగు కూడా వృథా చేయబుద్ధి కాదు.

మొదటి రెండు వారాలూ విప్పడానికే సరిపోయాయి. రింగులు తీసేముందే ఒక్కోదాని దూరం కొలిచి రాసుకున్నాను. ఇది మర్చిపోతే తర్వాత ఊహించుకోవాల్సిందే. వార్నిష్‌ని మొద్దు బ్లేడుతో, నిలువుగా పట్టి గీకాను. ఎమిరీ పేపర్ జోలికి పోలేదు. వెదురు బలమంతా పైతోలు కింద ఉండే పోగుల్లోనే ఉంటుంది, అవి అరిగితే కర్ర నీరసపడుతుంది. పట్టుదారం విప్పుతుంటే ఒక్క క్షణం చేయి ఆగిపోయింది. పైకి మట్టిరంగులో ఉన్న దారం, లోపలివైపు చిలకపచ్చగా మెరుస్తోంది. కొత్త దారం ఏ రంగులో కొనాలో అదే చెప్పింది.

మూడో వారం పిడి ఉన్న ముక్కను చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా వంచితే ఒకచోట "టిక్" అంది. రెండు బద్దల మధ్య అతుకు అంగుళన్నర మేర విడిపోయింది. పల్చటి బ్లేడుతో సందు తెరిచి, నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ జిగురుని దారంతో లోపలికి లాగి, నూలుదారం బిగించి చుట్టి ఒక రోజంతా వదిలేశాను. ఇప్పుడు ఎంత వంచినా చప్పుడు లేదు.

కొస వంపు తీయడమే అన్నిటికన్నా టెన్షన్. హీట్ గన్‌ని దూరంగా పట్టి, కర్రను తిప్పుతూ వేడిచేసి, వంపుకి ఎదురుదిక్కుకి కొద్దిగా ఎక్కువే వంచి, చల్లారేదాకా అలాగే పట్టుకోవాలి. ఒకేసారి సాధిద్దామనుకుంటే మాడుతుంది. నా దగ్గర పెసరగింజంత మచ్చ పడింది, అది ఎప్పటికీ పోదు. అక్కణ్ణుంచి వేడి తగ్గించి నాలుగు విడతల్లో సరిచేశాను.

రెండు ముక్కల్నీ కలిపే ఇత్తడిరకం గొట్టాల్ని, అంటే ఫెరూల్స్‌ని, సన్నటి స్టీల్ ఊల్‌తో తుడిచి స్పిరిట్‌తో కడిగాను. వదులుగా ఉన్నదాన్ని కాస్త వేడిచేసి తిన్నగా లాగి, పాత జిగురు గీకేసి మళ్లీ అతికించాను. బిగుసుకుపోయినప్పుడు మెలితిప్పితే లోపల వెదురు చీలిపోతుంది.

ఇక రింగుల్ని కర్రకి కట్టే పట్టుదారం చుట్లు. ముందుగా రింగు కాళ్ల చివర్లని ఆకురాయితో పల్చగా అరగదీయాలి, లేకపోతే దారం వాటిమీదికి ఎక్కేచోట ఖాళీ వస్తుంది. దారం మొదలుని దాని చుట్ల కిందే నొక్కేసి, ఒక్కో వరసనీ గోటితో పక్కదానికి ఆనించుకుంటూ పోవాలి. చివరి ఆరేడు చుట్లకి ముందు కింద ఒక ఉచ్చు పెట్టుకుంటే, దారం కొసని అందులోంచి లాగి ముడి లేకుండా ముగించొచ్చు. మొదటి రింగుకి గంట పట్టింది, ఎనిమిదోదానికి ఇరవై నిమిషాలు. వార్నిష్ తగిలితే పట్టు రంగు ముదురుతుంది కాబట్టి విడిగా ఒక పుల్లకి చుట్టి చూసుకున్నాను. రంగు నిలిపే ద్రావణం ముందు పూస్తేనే చిలకపచ్చ నిలిచింది.

ప్రస్తుతం వార్నిష్ రెండు పూతలయ్యాయి, మొదటిది బాగా పల్చన చేసి వేశాను. దుమ్ము పడకుండా బీరువా పక్కన నిలువుగా వేలాడుతున్నాయి రెండు ముక్కలూ. వేలు ఆనిస్తే ఇంకా కొద్దిగా అంటుకుంటోంది. మూడో పూత నాలుగు రోజులాగి వేస్తాను.