ఎవరికి ఏ సర్క్యులర్ కనిపించాలి: డ్రూపల్ 7 నుంచి 10కి మారినప్పటి నా అనుభవం

2023లో హైదరాబాదులోని మా బృందానికి ఒక రుణ సంస్థ పని వచ్చింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ శాఖలున్న ఆ సంస్థ 2012 నుంచి డ్రూపల్ 7 (వెబ్‌సైట్లు నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్) మీద అంతర్గత పోర్టల్ నడుపుతూ వచ్చింది. ప్రధాన కార్యాలయం పంపే సర్క్యులర్లు, బదిలీ ఉత్తర్వులు, ఆడిట్ అభ్యంతరాలు, చివరికి సెలవుల జాబితా కూడా అందులోనే ఉంటాయి. డ్రూపల్ 7కు భద్రతా సవరణల గడువును పలుమార్లు పొడిగించి, ఆఖరికి 2025 జనవరి 5న ఆపేస్తామని ప్రకటించారు. 2014 అక్టోబరులో డ్రూపల్ 7లో డేటాబేసును అడిగే ఎస్‌క్యూఎల్ ప్రశ్నలకు సంబంధించిన లోపం ఒకటి బయటపడినప్పుడు, ఏడు గంటల్లోగా సరిచేసుకోని సైట్లన్నీ దాడికి గురైనట్టే భావించాలని డ్రూపల్ భద్రతా బృందం హెచ్చరించింది. ఆ రోజులు అక్కడి ఐటీ అధికారికి బాగా గుర్తు. అందుకే ఆయన గడువు దాకా ఆగదలచుకోలేదు.

7 నుంచి 10కి మారడాన్ని అప్‌గ్రేడ్ అనడం అలవాటే గాని, నిజానికి అది కొత్త ఇల్లు కట్టి పాత సామాను చేర్చుకోవడమే. 2015లో వచ్చిన డ్రూపల్ 8ను సింఫనీ అనే మరో సాఫ్ట్‌వేర్ భాగాల ఆధారంగా తిరిగి కట్టారు కాబట్టి, ఆ సంస్థ సొంతంగా రాయించుకున్న పాత మాడ్యూళ్లు (అదనపు సదుపాయాల కోడు) ఏవీ నడవవు. సమాచారం మాత్రం డ్రూపల్‌లోని మైగ్రేట్ అనే తరలింపు వ్యవస్థ ద్వారా వస్తుంది. తప్పు కనబడితే రోల్‌బ్యాక్ చేసి, అంటే ఎక్కించినదాన్ని దించేసి, మళ్లీ ఎక్కించవచ్చు. మేము అలా ఎన్నిసార్లు ఎక్కించి దించామో లెక్క పెట్టలేదు. డ్రూపల్‌లో ఒక్కో సర్క్యులర్ లాంటి అంశాన్ని నోడ్ అంటారు; పాత నోడ్ సంఖ్యలను మాత్రం మారనివ్వలేదు, ఎందుకంటే ఏళ్ల తరబడి ఈమెయిళ్లలో అతికించుకున్న లింకులన్నీ వాటి మీదే ఆధారపడి ఉన్నాయి. అను ఫాంట్లలో టైపు చేసిన పాత తెలుగు సర్క్యులర్లది వేరే కథ. డేటాబేసులో అవి అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపులుగా ఉన్నాయి. యూనికోడ్‌లోకి మార్చాక కూడా ఒత్తులు సరిచూడటానికి ఇద్దరిని కూర్చోబెట్టవలసి వచ్చింది.

ఇవేవీ మమ్మల్ని ఆపలేదు. ఆపినది ఒకే ప్రశ్న: ఎవరికి ఏది కనిపించాలి? ఒక సర్క్యులర్ అన్ని శాఖలకూ వెళ్తుంది, ఇంకొకటి ఒక జోన్‌కు, మరొకటి ఆ జోన్‌లోని మేనేజర్లకు మాత్రమే. డ్రూపల్‌లో దీనికి నోడ్ యాక్సెస్ అనే పట్టిక ఉంది. ప్రతి నోడ్‌కూ కొన్ని తాళాలు, ప్రతి ఉద్యోగికీ కొన్ని తాళంచెవులు ఉంటాయని అనుకుంటే, ఏ ఒక్క చెవి పట్టినా తలుపు తెరుచుకుంటుంది. చిక్కంతా ఆ 'ఏ ఒక్క' అన్నచోటే ఉంది. జోన్‌కు ఒక తాళం, మేనేజర్ హోదాకు ఒక తాళం వేస్తే, ఆ జోన్‌లోని గుమాస్తాలకూ తెరుచుకుంటుంది, ఇతర జోన్ల మేనేజర్లకూ తెరుచుకుంటుంది. రెండు షరతులూ కలిసి వర్తించాలంటే 'ఫలానా జోన్ మేనేజర్' అనే ఉమ్మడి తాళాన్నే తయారు చేయాలి. ఇది మాకు నాలుగో వారంలో గాని తట్టలేదు. అప్పటికి రాసిన కోడులో సగం తీసేశాము.

ఆ తరువాతి తప్పు పూర్తిగా నాది. ముందుగా కొన్ని శాఖలకు మాత్రమే పోర్టల్ తెరిచిన రెండో రోజు ఉదయం ఒక బ్రాంచి మేనేజర్ గారు ఫోన్ చేసి, "ఏమండీ, పక్క బ్రాంచి మీద రాసిన ఆడిట్ నోట్ నా మొదటి పేజీలో ఎందుకు కనబడుతోంది?" అని అడిగారు. శీర్షిక మీద నొక్కితే అనుమతి లేదనే వస్తోంది, కానీ శీర్షికే చాలినంత విషయం చెబుతోంది. 'తాజా సర్క్యులర్లు' అనే ఆ బ్లాకును (మొదటి పేజీలోని జాబితా భాగాన్ని) రాసింది నేనే. వేగం కోసమని డేటాబేసును అడిగే క్వెరీలో యాక్సెస్ చెక్‌ను, అంటే తాళాల తనిఖీని, వద్దని పెట్టి, లాగిన్ అయిన ఉద్యోగి శాఖ కోడును బట్టి నేనే వడకట్టాను. జాబితా సరిగానే వచ్చేది. అయితే అది శాఖను బట్టి మారుతుందని క్యాష్‌కు (ఒకసారి తయారైనదాన్ని మళ్లీ వాడుకునేందుకు దాచి ఉంచే చోటుకు) చెప్పలేదు. డ్రూపల్ తనంతట తాను అనుమతుల తేడాను గమనిస్తుంది గాని, మేనేజర్లందరి అనుమతులూ ఒకటే కదా. ఉదయం మొదట లాగిన్ అయిన మేనేజరు జాబితానే మిగతా మేనేజర్లందరికీ వడ్డించింది. మా కంప్యూటర్లలో పని సౌకర్యం కోసం క్యాష్‌ను ఆపేసి పెట్టుకున్నందువల్ల అక్కడ ఇది ఒక్కసారీ కనబడలేదు.

కంగారులో నేను ఆ సంస్థ వారితో ఫోన్‌లో "క్యాష్‌లో తేడా వచ్చిందండీ" అన్నాను. రుణ సంస్థలో ఆ మాటకు అర్థం వేరు. అవతలి వారు ఏ శాఖలో, ఎంత అని అడిగిన తరువాత గాని నాకు తెలియలేదు.

సవరణ ఒక్క పంక్తి. మొదట ప్రతి వినియోగదారుకూ విడి ప్రతి ఉంచుదామని చూశాము గాని, అప్పుడు ఉద్యోగులు ఎందరుంటే అన్ని ప్రతులు తయారవుతాయి. డేటాబేసులో ఉండే క్యాష్ పట్టికకు డ్రూపల్ తనంతట తాను పెట్టే పరిమితి 5000 వరుసలు. ఇలాంటి బ్లాకులు నాలుగుంటే అది ఏ మూలకూ రాదు. అందువల్ల తాళంచెవుల గుత్తిని బట్టి ప్రతి మారాలని క్యాష్‌కు చెప్పే కాంటెక్స్టు అనే సూచనను పెట్టాము. ఒకే గుత్తి ఉన్నవారందరూ ఒకే ప్రతిని పంచుకుంటారు. చేత్తో వడకట్టడం మానేసి యాక్సెస్ చెక్‌ను తిరిగి పెట్టాము. క్యాష్ పనిచేస్తున్న స్థితిలోనే రెండు శాఖల ఉద్యోగులుగా వరుసగా లాగిన్ అయి చూసే పరీక్ష కూడా రాశాము.

ఆ దెబ్బతో మిగిలిన కంతల కోసం కూడా వెతికాము. పాత పోర్టల్‌లో జతచేసిన పీడీఎఫ్‌లన్నీ పబ్లిక్ ఫోల్డరులోనే ఉన్నాయి; లింకు తెలిసినవారు ఎవరైనా లాగిన్ లేకుండానే తెరవవచ్చు. వాటిని ప్రైవేట్ ఫైళ్లుగా మార్చాము. సోల్ర్ అనే సెర్చ్ ఇంజిన్ వెతుకులాటలో పీడీఎఫ్ లోపలి వాక్యాలు ఫలితాల కింద తుంపులుగా కనిపిస్తాయి కాబట్టి, అక్కడ కూడా అవే తాళాలు వర్తించేలా దాని ఇండెక్సును (వెతుకులాటకు వాడే పదాల సూచికను) మళ్లీ కట్టించాము.

ఒక ఆదివారం రాత్రి మార్పు పూర్తయింది. బుధవారం కర్నూలు నుంచి వరంగల్‌కు బదిలీ అయిన ఒకాయన, పాత శాఖలో తాను స్వయంగా రాసిన నోట్ ఇప్పుడు తనకే కనిపించడం లేదని ఫిర్యాదు చేశారు. కనిపించాలా వద్దా అన్నదానికి మా దగ్గర జవాబు లేదు. సంస్థ వారు రెండు గంటలు చర్చించి, వద్దన్నారు. కావలసినవారు పాత శాఖను అడిగి తెప్పించుకోవాలని ఒక సర్క్యులర్ కూడా వేశారు. దాన్ని అన్ని శాఖలకూ కనిపించేలా పెట్టాము.