పక్కన బడ్డీ ఉన్నా ఒంటరినే

బడ్డీ, అంటే నీళ్లలో జతగా ఉండే తోటి డైవర్, లేకుండా ఒక్కడినే స్కూబా డైవింగ్‌కి వెళ్తున్నానని తెలిసినప్పటి నుంచి స్నేహితుల్లో కొందరు తిడుతున్నారు, కొందరు మాకూ నేర్పమంటున్నారు. అందరికీ ముందు అండమాన్ దీవుల్లోని హేవ్‌లాక్‌లో జరిగింది చెప్పాలి.

అప్పటికి నావి నలభై డైవ్‌లు. ఆ ఉదయం పడవలో పరిచయమైన ఒకాయనని నాకు బడ్డీగా పెట్టారు. పేరు అడిగాను, ఎన్ని డైవ్‌లు చేశారని అడిగాను, అంతే. దిగే తొందరలో ఒకరి సామాను ఒకరం చూసుకోలేదు. 18 మీటర్ల దగ్గర ఊపిరి పీల్చడం కష్టమైంది. కొబ్బరిబోండంలో స్ట్రాకి మీగడ అడ్డుపడితే బుగ్గలు లోపలికి పోయేలా లాగుతామే, అచ్చం అలా. సిలిండర్‌లో గాలి ఒత్తిడి చూపించే గేజ్ చూస్తే 130 బార్ ఉంది, అంటే గాలి బాగానే ఉంది. గేజ్ మీద కళ్లు పెట్టి మళ్లీ పీల్చాను. ముల్లు టక్కున 60కి పడిపోయింది, పీల్చడం ఆపగానే తిరిగి 130కి ఎక్కింది. మళ్లీ పీల్చాను, మళ్లీ అదే.

బడ్డీ పదిహేను మీటర్ల అవతల రాతి సందులో కెమెరా పెట్టుకుని ఉన్నాడు. సిలిండర్ మీద ఠంగుఠంగుమని కొట్టాను. నీళ్లలో శబ్దం ఎటు నుంచి వస్తుందో తెలియదు, ఆయన తల కూడా ఎత్తలేదు. అడ్డంగా ఆయన దగ్గరికి ఈదాలా, పైకి వెళ్లాలా అని ఆలోచించుకోవడానికి నాకున్నది రెండు మూడు ఊపిర్ల టైము. నెమ్మదిగా పైకే వెళ్లాను. పైకి వెళ్తున్నకొద్దీ ఊపిరి తేలికైంది, 5 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి మామూలుగానే ఉంది.

పడవ ఎక్కాక చూస్తే సిలిండర్ నుంచి గాలి వదిలే వాల్వ్ అరచుట్టు మాత్రమే తెరిచి ఉంది. వాల్వ్ పూర్తిగా తెరిచి అరచుట్టు వెనక్కి తిప్పడం పాత అలవాటు. ఎవరో అటూ ఇటూ తికమకపడి, పూర్తిగా మూసేసి అరచుట్టు తెరిచారన్నమాట. పడవ మీద గేజ్ నిండుగానే చూపిస్తుంది, ఒకటి రెండు ఊపిర్లు హాయిగానే ఆడతాయి. 18 మీటర్ల లోతులో ఒత్తిడి 2.8 బార్, అంటే ఒక్కో ఊపిరికి సిలిండర్ నుంచి దాదాపు మూడింతల గాలి రావాలి, ఆ సన్న సందులోంచి అంత రాదు. గేజ్ చూస్తూ నాలుగు సార్లు గట్టిగా పీల్చి ఉంటే ముల్లు వణకడం పడవ మీదే కనిపించేది. ఆ పని నేను చేయలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాకు బడ్డీ ఉన్నాడనే నమ్మకంతో దిగాను కానీ, నిజానికి ఆ లోతులో నేను ఒంటరిగానే ఉన్నాను, పైగా ఒంటరితనానికి కావలసిన సామాను, శిక్షణ ఏవీ లేకుండా. నన్ను ఇప్పటికీ భయపెట్టేది అదే.

సోలో కోర్సుకి వెళ్లింది అందుకే, ఒంటరిగా తిరగాలన్న సరదాతో కాదు. డైవింగ్ నేర్పే సంస్థల్లో పాడీ వాళ్లది సెల్ఫ్ రిలయంట్ డైవర్, ఎస్‌డీఐ వాళ్లది సోలో డైవర్, రెండింటికీ కనీసం 100 డైవ్‌లు ఉండాలి. నేను బాలీలోని తులాంబెన్‌లో చేశాను. మాస్క్ తీసేసి ఈదించారు, నోట్లో పెట్టుకుని ఊపిరి పీల్చే మెయిన్ రెగ్యులేటర్ వదిలేసి, పోనీ అనే చిన్న అదనపు సిలిండర్‌కి మారమన్నారు, అదీ మళ్లీ మళ్లీ. అన్నిటికంటే నా కళ్లు తెరిపించింది మాత్రం ఒక లెక్క. ఉపరితలం మీద నిమిషానికి 20 లీటర్ల గాలి వాడే మనిషి టెన్షన్‌లో 40 వాడతాడనుకుందాం. 20 మీటర్ల దగ్గర సమస్య వస్తే, అక్కడ ఒత్తిడి 3 బార్ కాబట్టి తేరుకోవడానికి పట్టే ఒక్క నిమిషానికే 120 లీటర్లు. నిమిషానికి 9 మీటర్ల చొప్పున 5 మీటర్ల దాకా రావడానికి దాదాపు రెండు నిమిషాలు, దారిలో సగటు ఒత్తిడి 2.25 బార్, అంటే 180. పూర్తిగా పైకి తేలే ముందు 1.5 బార్ ఉండే అక్కడ మూడు నిమిషాలు ఆగడానికి ఇంకో 180. మొత్తం 480 లీటర్లు. 3 లీటర్ల పోనీ సిలిండర్‌లో 200 బార్ నింపితే 600 ఉంటుంది, సరిపోతుంది. ఇదే లెక్క 35 మీటర్లకి వేసి చూడండి, అది చాలదు. అందుకే ఒంటరిగా 18 దాటను.

మొదటిసారి ఒక్కడినే దిగింది కూడా అక్కడే, లిబర్టీ అనే ఓడ దగ్గర. 1942 జనవరిలో జపాన్ సబ్‌మెరైన్ టార్పెడో దెబ్బ తిన్న అమెరికా సరుకు ఓడ అది. ఒడ్డుకి లాక్కొచ్చి వదిలేస్తే 1963లో అగుంగ్ అగ్నిపర్వతం పేలినప్పుడు నీళ్లలోకి జారింది. నల్లటి గులకరాళ్ల ఒడ్డు నుంచి నడుచుకుంటూ దిగిపోవచ్చు. ఓడ లోపలికి వెళ్లలేదు, బయటి నుంచే చూశాను. పన్నెండు మీటర్ల దగ్గర వెండి రంగు చేపల గుంపు ఒకటి నా చుట్టూ తిరిగింది. చూడు చూడు అని చూపిద్దామని వెనక్కి తిరిగాను, ఎవరూ లేరు. గుండె కొంచెం జారింది. గేజ్ చూసుకున్నాను, పోనీ రెగ్యులేటర్ మెడ దగ్గర ఉందో లేదో తడిమి చూసుకున్నాను, తర్వాత ఇంకో పావుగంట ఉన్నాను.

అమ్మకి ఫోన్లో చెబితే, "మన భీమిలిలో జాలర్లు కూడా ఒక్కళ్లే వేటకి పోరు కదరా" అంది. నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే అమ్మ మాటలో నిజం ఉంది. రెండో సిలిండర్ గాలి సమస్య ఒక్కటే తీరుస్తుంది. నీళ్లలో స్పృహ తప్పితే, గుండెలో నొప్పి వస్తే నోట్లోంచి జారిన రెగ్యులేటర్ తిరిగి పెట్టే చెయ్యి కావాలి, అది పోనీ సిలిండర్‌కి లేదు. చేతులు తిరగని చోట వల చుట్టుకుంటే రెండు కత్తులున్నా కష్టమే. అందుకే రాత్రి నిద్ర సరిగ్గా లేకపోయినా, జలుబు చేసినా, నీటి ప్రవాహం కాస్త బలంగా ఉన్నా ఒక్కడినే దిగను. ఎన్నిసార్లు ఒడ్డు దాకా వెళ్లి తిరిగి వచ్చేశానో.

ఇప్పటికీ నా డైవ్‌లలో ఎక్కువ భాగం మనుషులతోనే, పోనీ సిలిండర్ మాత్రం అప్పుడూ వెంట ఉంటుంది. మొన్న బాబాయి కొడుకు కోర్సు పూర్తి చేసుకుని నాతో మొదటిసారి వచ్చాడు. పడవ అంచున కూర్చోబెట్టి, వాడి గేజ్ వాడి కళ్ల ముందు పట్టుకుని, "పీల్చు" అన్నాను. పీల్చాడు. "ఇంకోసారి, గట్టిగా." ముల్లు కదల్లేదు. "ఇప్పుడు నాది పట్టుకో" అన్నాను.