మోకాలి నొప్పా? ముందు ఎక్కడో వేలుపెట్టి చూపించండి

పరుగు మొదలుపెట్టిన కొన్నాళ్లకు మోకాలు నొప్పి పుడితే చాలామంది రెండు వారాలు పూర్తిగా మానేస్తారు. నొప్పి తగ్గుతుంది. మళ్లీ మునుపటి దూరమే, మునుపటి వేగంతోనే పరిగెడతారు. మూడో రోజుకో నాలుగో రోజుకో అదే చోట అదే నొప్పి. ఇలా రెండు మూడు సార్లు జరిగాక "గుజ్జు అరిగిపోయింది, ఇక పరుగు మనకు పడదు" అనుకుని బూట్లు పక్కన పెట్టేస్తారు. చాలాసార్లు అక్కడ అరిగిందేమీ ఉండదు. విశ్రాంతి నొప్పిని తగ్గించింది గానీ మోకాలి సత్తువను పెంచలేదు. పైగా ఆ రెండు వారాల్లో తొడ కండరం కాస్త నీరసపడింది కూడా. అందుకే పాత దూరం ఈసారి ఇంకా బరువుగా తగులుతుంది.

గుజ్జు మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పుకుందాం. ఆరోగ్యం కోసం పరిగెత్తేవాళ్లలో తుంటి, మోకాలి కీళ్ల అరుగుదల 3.5 శాతం మందిలోనూ, పరుగు అలవాటు లేనివాళ్లలో 10.2 శాతం మందిలోనూ కనిపించిందని 2017లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష లెక్క తేల్చింది. పోటీల స్థాయిలో పరిగెత్తేవాళ్లలో మాత్రం అది 13.3 శాతం. కీళ్లు బాగున్నవాళ్లే పరుగు కొనసాగిస్తారు కాబట్టి ఈ అంకెల్ని పరుగు గొప్పతనానికి రుజువుగా చూపించడం తొందరపాటే. కానీ రోజూ కాసేపు పరిగెత్తితే మోకాళ్లు అరిగిపోతాయనే భయానికి మాత్రం వీటిలో ఆధారం లేదు.

ఇక్కడ ఆగి ఒక్కసారి కాలు చూసుకోండి. ఇప్పుడు చెప్పబోయే వాటిలో ఏదైనా ఉంటే మిగతాది తర్వాత చదవొచ్చు, ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

మోకాలు ఎర్రబడి, వేడెక్కి, వాచి, జ్వరం కూడా ఉంటే కీలులో ఇన్‌ఫెక్షన్ చేరి ఉండొచ్చు. ఇది రేపటిదాకా ఆగే విషయం కాదు, ఆలస్యమైతే కీలు శాశ్వతంగా దెబ్బతింటుంది. కాలు మెలిపడినప్పుడు లోపల 'టప్'మని వినిపించి, రెండు మూడు గంటల్లోనే మోకాలు ఉబ్బిపోతే లోపల రక్తం చేరిందని అనుమానించాలి. లిగమెంట్ (ఎముకను ఎముకకు కట్టి ఉంచే పట్టీ) తెగినప్పుడు తరచూ ఇలాగే జరుగుతుంది. దెబ్బ తగిలాక ఆ కాలి మీద నాలుగు అడుగులు వేయలేకపోయినా, మోకాలు 90 డిగ్రీల దాకా మడవలేకపోయినా, చిప్ప ఎముకను నొక్కితే నొప్పి ఉన్నా, వయసు 55 దాటినా ఎక్స్-రే తీయించాలి. మోకాలు సగం మడతలో ఇరుక్కుపోయి ఎంత ప్రయత్నించినా చాచలేకపోతే చిరిగిన మెనిస్కస్ (కీలులో రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే భాగం) అడ్డుపడి ఉండొచ్చు. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే అది రక్తం గడ్డ కావచ్చు. దానికి ఆయాసమో ఛాతీ నొప్పో తోడైతే వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి.

ఇవేవీ లేవా? అయితే నొప్పి ఎక్కడుందో వేలుపెట్టి చూపించండి. ఒక్క వేలు సరిపోయిందా, లేక అరచెయ్యి మొత్తం చిప్ప చుట్టూ తిప్పాల్సి వచ్చిందా? సగం నిర్ధారణ ఇక్కడే అయిపోతుంది.

అరచెయ్యి తిప్పినవాళ్లే ఎక్కువ. నొప్పి చిప్ప వెనకో చుట్టూనో ఉంటుంది, ఫలానా చోట అని చెప్పలేరు. మెట్లు దిగేటప్పుడు, గుంజీళ్లు తీసేటప్పుడు, చాలాసేపు మోకాళ్లు మడిచి కూర్చుని లేచేటప్పుడు పెరుగుతుంది. దీన్ని పాటెల్లోఫిమోరల్ నొప్పి అంటారు. చిప్ప తొడ ఎముక మీదున్న గాడిలో జారుతుంటుంది. బరువు మోస్తూ మోకాలు ఎంత ఎక్కువ మడిస్తే చిప్ప ఆ గాడికి అంత గట్టిగా నొక్కుకుంటుంది. ఆ ఒత్తిడి అలవాటైన దానికంటే ఒక్కసారిగా పెరిగినప్పుడు అక్కడ నొప్పి మొదలవుతుంది. సాధారణంగా వాపు ఉండదు. మోకాలు మడిచినప్పుడు టకటకమని శబ్దం వచ్చినా, నొప్పీ వాపూ లేనంతవరకు దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

బయటి వైపు, కీలు గీతకు కాస్త పైన ఒక్క వేలితో చూపిస్తే అది ఐటీ బ్యాండ్ (తుంటి నుంచి తొడ బయటి వైపుగా మోకాలి దాకా దిగే పట్టీ) సమస్య కావచ్చు. దీని గుర్తు విచిత్రంగా ఉంటుంది: మొదటి కొన్ని కిలోమీటర్లు ఏమీ అనిపించదు, తర్వాత దాదాపు ప్రతిసారీ ఒకే దూరం దగ్గర మొదలై ఆగిపోయేదాకా పెరుగుతుంది. పల్లం దిగుతుంటే మరీ ఎక్కువ. మోకాలు సుమారు 30 డిగ్రీలు మడిచినప్పుడు ఆ పట్టీ తన కిందున్న భాగాన్ని ఎముకకు నొక్కుతుంది. దీనికి నొప్పి ఉన్నచోటే ఫోమ్ రోలర్ పెట్టి కసిగా రుద్దడం నాకు అసలు నచ్చని సలహా. ఐటీ బ్యాండ్ దళసరి పట్టీ, రుద్దితే సాగదు. ఇప్పటికే నలిగిన చోటును మళ్లీ నలపడమే అవుతుంది.

చిప్ప కింది అంచున వేలు ఆగితే చిప్పనూ కాలి ఎముకనూ కలిపే టెండన్‌ను అనుమానించాలి. పరుగు మొదట్లో పట్టేసి, వేడెక్కాక వదిలి, మర్నాడు పొద్దున మళ్లీ పట్టేస్తుంది. గెంతులు, వేగంగా పరిగెత్తడం దీన్ని రేపుతాయి. లోపలి వైపు సరిగ్గా కీలు గీత మీద నొప్పి ఉండి, మెలితిప్పితే పెరుగుతుంటే మెనిస్కస్ కావచ్చు. గీతకు మూడు నాలుగు వేళ్ల కింద అయితే అక్కడి స్నాయువులు గానీ, వాటి కిందున్న నీటి తిత్తి గానీ రేగి ఉండొచ్చు. వేలు ఎముక మీదే ఒక చోట ఆగి, అక్కడ నొక్కితే ప్రాణం పోతున్నట్టుండి, విశ్రాంతిలోనూ రాత్రిపూట కూడా సలుపుతుంటే స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదే పదే పడే ఒత్తిడికి ఎముకలో వచ్చే సన్నని చీలిక) కాదని తేలేదాకా పరుగు పూర్తిగా ఆపాలి. ఎముక నొప్పిని ఓర్చుకుంటూ పరిగెత్తకూడదు. ఆ చీలిక పెద్దదవుతుంది.

మిగతా నొప్పులకు పూర్తి విశ్రాంతి అవసరం అరుదు. సున్నా నుంచి పది దాకా నొప్పికి ఒక అంకె ఇవ్వండి. పరుగులో మూడు దాటకుండా, కుంటించకుండా, 24 గంటల్లో మునుపటి స్థితికి వచ్చేస్తే ఆ పరుగు మోకాలు మోయగలిగినదే. నా దృష్టిలో మర్నాటి పొద్దున మెట్ల మీద తెలిసే నొప్పే, పరుగులో తెలిసే నొప్పికంటే నమ్మదగిన సాక్షి. ఒళ్లు వేడెక్కాక పరుగులో చాలా నొప్పులు తెలియవు. పొద్దున ఎక్కువైందంటే నిన్నటిది ఎక్కువైందనే లెక్క. కుంటుతూ పరిగెత్తితే మాత్రం అంకె ఎంతైనా సరే ఆ రోజుకు ఆపేయాలి, లేకపోతే రెండో కాలికీ చుట్టుకుంటుంది.

మొదటి రెండు వారాలు వారం మొత్తం దూరాన్ని సగానికి తగ్గించి, దాన్ని చిన్న ముక్కలుగా చేయండి. 9 కిలోమీటర్లు ఒకేసారి కాకుండా మూడు సార్లు మూడేసి. పల్లాలు, వేగం పరుగులు పక్కన పెట్టండి. రోడ్డు అంచులు వాలుగా ఉంటాయి కాబట్టి ఎప్పుడూ ఒకే వైపున పరిగెత్తకండి.

అడుగుల లెక్క కూడా చూడండి. 30 సెకన్లలో కుడికాలు ఎన్నిసార్లు నేల తాకిందో లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. 40 వస్తే నిమిషానికి 160. అదే వేగంలో 5 నుంచి 10 శాతం పెంచితే, అంటే 168 నుంచి 176 చేస్తే, అడుగు పొట్టిదవుతుంది, పాదం ఒంటికి దగ్గరగా పడుతుంది, మోకాలి మీద భారం తగ్గుతుంది. అందరూ 180కి చేరాలన్న నియమమేమీ లేదు. మెట్రోనోమ్ యాప్ (ఒకే లయలో టిక్ టిక్ మనేది) పెట్టుకుని నిమిషం పాటు కొత్త లయలో, నిమిషం మామూలుగా పరిగెత్తి అలవాటు చేసుకోవాలి. ఈ మార్పుతో కొంత భారం పిక్కల మీదికి వెళ్తుంది. ఒక్కరోజులో మొత్తం మార్చేస్తే పిక్క పట్టేస్తుంది.

అసలు మందు మాత్రం కండబలం. తొడకే కాదు, పిరుదులకు కూడా. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు. మొదటిది చిన్నప్పటి గోడకుర్చీ: నొప్పి మూడు దాటని లోతులో 45 సెకన్లు, మధ్యలో రెండు నిమిషాల విరామంతో ఐదు సార్లు. చిప్ప కింది టెండన్ నొప్పికి ఇది ముఖ్యంగా పనికొస్తుంది. రెండోది 15 సెంటీమీటర్ల ఎత్తు మెట్టు మీద ఒంటికాలితో నిలబడి, మూడు సెకన్లలో నెమ్మదిగా రెండో మడమను నేలకు తాకించి పైకి లేవడం, 10 సార్ల చొప్పున మూడు విడతలు. అద్దం ముందు చేయండి. మోకాలు లోపలికి వాలుతుంటే మెట్టు ఎత్తు తగ్గించాలి. మూడోది పక్కకు పడుకుని పై కాలిని తిన్నగా, కాస్త వెనక్కి ఉంచి ఎత్తడం, 15 చొప్పున మూడు విడతలు. వేళ్లు ఆకాశం వైపు తిరిగితే పని పిరుదుల నుంచి తప్పి తొడ ముందు భాగానికి పోతుంది, చాలామంది చేసే తప్పిదే. వెల్లకిలా పడుకుని ఒంటికాలితో నడుము ఎత్తడం, మోకాలు మడిచి మడమలు లేపడం కూడా కలుపుకోండి.

విడత చివర్లో ఇంకో ఆరు సార్లు తేలిగ్గా చేయగలిగితే బరువు చాలట్లేదని అర్థం. చేతిలో బరువు పట్టుకోండి. మూడో వారానికి నొప్పి తగ్గగానే వ్యాయామం మానేయడం అన్నిటికంటే ఎక్కువగా కనిపించే పొరపాటు. నొప్పి తగ్గడానికి వారాలు చాలు, బలం రావడానికి 12 వారాలు పడుతుంది.

నొప్పి మాత్ర వేసుకుని పరుగుకు వెళ్లకండి. ఇబుప్రొఫెన్ లాంటివి హెచ్చరికను మూసేస్తాయి, ఒళ్లు ఎండిపోయినప్పుడు మూత్రపిండాలకూ చేటు. చిప్ప నొప్పికి టేపింగ్ (చర్మం మీద అంటుకునే పట్టీ వేయడం) కొన్ని వారాలు ఊరటనిస్తుంది, వ్యాయామం చేయడానికి వీలు కల్పించే మేరకు మంచిదే. అరిగిన బూట్లు మార్చండి. అయితే మడమ ఎత్తు బాగా తక్కువున్న జతకు ఒక్కసారిగా మారితే మోకాలి భారం పిక్కకూ మడమ వెనక టెండన్‌కూ చేరుతుంది.

పూర్తిగా ఆపినవాళ్లు మళ్లీ మొదలుపెట్టాలంటే: అరగంట వడివడిగా నడిచినా మర్నాడు నొప్పి పెరగకూడదు, ఒంటికాలి మీద 10 సార్లు గెంతగలగాలి. అప్పుడు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఎనిమిది సార్లు, రోజు విడిచి రోజు. రెండు సార్లు నొప్పి లేకుండా గడిస్తేనే పరుగు భాగాన్ని ఒక నిమిషం పెంచాలి. దూరం తిరిగొచ్చాక వేగం, పల్లాలు చివర్న.

ఇంత చేసినా రెండు మూడు వారాల్లో కొంచెం కూడా మార్పు లేకపోతే, వాపు వచ్చి పోతుంటే, నడకలో మోకాలు పట్టు తప్పుతుంటే, నిద్ర చెడుతుంటే ఇంట్లో ఊహించుకోవడం ఆపి ఫిజియోథెరపిస్టునో, ఆర్థోపెడిక్ డాక్టరునో కలవండి. పిల్లల్లో, టీనేజర్లలో మోకాలు నొప్పితో పాటు కుంటుతుంటే ఇన్ని వారాలు ఆగకూడదు. తుంటిలో సమస్య ఉన్నా నొప్పి మోకాలిలో తెలియడం ఆ వయసులో ఉంటుంది, కాబట్టి తుంటిని కూడా పరీక్షించమని అడగండి.

నేరుగా ఎమ్మారై తీయించుకుని వెళ్లడం వల్ల అంత లాభం లేదు. ఏ నొప్పీ లేనివాళ్ల మోకాళ్లలో కూడా, ముఖ్యంగా 40 దాటాక, చిన్న చిరుగులు, అరుగుదల స్కానింగులో కనిపిస్తుంటాయి. రిపోర్టులో రాసిందల్లా నొప్పికి కారణం కాదు. స్కానింగ్ బదులు ఓ చిన్న కాగితం తీసుకెళ్లండి: నొప్పి ఎప్పుడు మొదలైంది, అంతకు ముందు నాలుగు వారాల్లో ఏ వారం ఎన్ని కిలోమీటర్లు, కొత్తగా ఏం మారింది (బూట్లు, దారి, వేగం), ఏ దూరం దగ్గర మొదలవుతోంది, మర్నాడు పొద్దున ఎలా ఉంటోంది. నిక్కరు వేసుకుని వెళ్తే తుంటి నుంచి పాదం దాకా చూడటం తేలిక. డాక్టరు ఒంటికాలి గుంజీ తీయించకుండా, తుంటి కదిపి చూడకుండా, మందులో స్కానింగో రాయడానికే పరిమితమైతే ఇంకొకరి అభిప్రాయం తీసుకోవడంలో తప్పులేదు.