ఓసేజ్ జాబితాలో మా వాళ్ల పేర్లు

మా ఇంట్లో ఫారాలు నింపే పని నాది. చదువు కోసం గుంటూరు నుంచి ఓక్లహోమా వచ్చింది మొదలు గ్రీన్‌కార్డు చేతికందేదాకా అమెరికా కాగితాలతో కుస్తీ పట్టినదాన్ని. మా ఆయన ఈ దేశంలోనే పుట్టాడు, జన్మలో ఒక్క వీసా ఫారం ముట్టుకోలేదు. అందుకే ఆయన్నీ మా అమ్మాయినీ ఓసేజ్ నేషన్‌లో (మా అత్తగారి పుట్టింటివాళ్ల తెగ, అమెరికా మూలవాసులు) సభ్యులుగా చేర్పించే పని వచ్చినప్పుడు అదీ నా నెత్తినే పడింది. టల్సాలో మన తెలుగువాళ్లు కలిసినప్పుడల్లా ఇది ఎలా చేశారని అడుగుతుంటారు. వాళ్లలో సగం మంది అడగాలనుకునేది వేరే ఉంటుంది: "మీకు ఆయిల్ డబ్బులొస్తాయా?" రావు. ఎందుకు రావో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఓసేజ్‌లు కాన్సస్‌లో ఉన్న తమ భూములు అమ్మేసి, ఆ డబ్బుతో 1872లో చెరోకీ అనే మరో తెగ దగ్గర ఇప్పుడున్న నేల కొనుక్కున్నారు. ఎవరో దయతలచి ఇచ్చిన భూమి కాదు. ఇవాళ్టి ఓసేజ్ కౌంటీ మొత్తం అదే, దాదాపు 14.7 లక్షల ఎకరాలు. వాళ్ల రాజధాని పహస్కా. 1906లో అమెరికా ప్రభుత్వం ఆ భూమిని మనిషికింత అని పంచే చట్టం తెచ్చింది. పై నేల పంచుకోవడానికి ఒప్పుకున్న ఓసేజ్ పెద్దలు, నేల కింద ఉన్న ఆయిల్, గ్యాస్ మాత్రం తెగ మొత్తానికి ఉమ్మడిగానే ఉండాలని పట్టుబట్టి సాధించారు. చదివినకొద్దీ నాకు వాళ్ల ముందుచూపు మీద గౌరవం పెరిగింది. అప్పుడు రాసిన జాబితాలో 2,229 మంది ఉన్నారు. ఉమ్మడి ఆయిల్ ఆదాయంలో ఒక్కొక్కరికి ఒక్కో సమాన వాటా. దాన్నే హెడ్‌రైట్ అంటారు. ఆ తర్వాత పుట్టినవాళ్లకి కొత్త వాటా ఏమీ రాదు, పెద్దవాళ్లు పోయాక వాళ్లది పంచుకోవాలి. అలా తరాలు గడిచేసరికి ఒకరికి సగం, ఒకరికి పన్నెండో వంతు, చాలామందికి అసలు ఏమీ లేదు. ఆ వాటాల కోసం 1920ల్లో ఓసేజ్‌లని వరసగా చంపిన సంగతి ఇప్పుడు ప్రపంచానికంతా తెలుసు కాబట్టి ఆ కథ ఇక్కడ ఎత్తను.

దాదాపు వందేళ్లపాటు తెగ ఎన్నికల్లో ఓటు కూడా ఆ వాటాకే ముడిపడి ఉంది. వాటా ఉంటేనే ఓటు. అమ్మ బతికి ఉన్నంతకాలం కొడుకులూ కూతుళ్లూ తమ సొంత తెగలో ఓటు లేనివాళ్లే. మా అత్తగారి సంగతి సరిగ్గా ఇదే. వాళ్లమ్మ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఓక్లహోమా వదిలి కాలిఫోర్నియా వెళ్లిపోయింది, అత్తగారు అక్కడే పుట్టి పెరిగి తెల్లాయన్ని పెళ్లి చేసుకున్నారు. వాళ్లమ్మ పోయాక హెడ్‌రైట్‌లో చిన్న ముక్క ఆవిడకి వచ్చింది, మూడు నెలలకోసారి చెక్కు కూడా వస్తుంది. మా ఆయనకి మాత్రం ఏ లెక్కలోనూ చోటు లేదు. 2004లో అమెరికా కాంగ్రెస్, సభ్యులెవరో తేల్చుకునే హక్కు ఓసేజ్‌లదేనని చట్టం చేసింది. 2006లో వాళ్లు రాజ్యాంగం రాసుకున్నారు: ప్రిన్సిపల్ చీఫ్, పన్నెండు మంది సభ్యుల కాంగ్రెస్, సొంత కోర్టులు. అప్పటినుంచి 1906 జాబితాలో ఉన్న మనిషికి వారసులమని నిరూపించుకుంటే చాలు, సభ్యులే. రక్తంలో ఎంత శాతం అన్న షరతు లేదు. హెడ్‌రైట్ ఉండక్కర్లేదు. ఇప్పుడు సభ్యులు 20 వేలకు పైనే ఉన్నారు.

అంటే మా ఆయన నుంచి అత్తగారికి, అత్తగారి నుంచి వాళ్లమ్మకి, ఆవిడ నుంచి జాబితాలో పేరున్న ముత్తాతకి, మధ్యలో ఎక్కడా తెగకుండా కాగితాలు చూపించాలి. తల్లిదండ్రుల పేర్లు ఉన్న లాంగ్ ఫాం బర్త్ సర్టిఫికెట్లు కావాలి, రాష్ట్రం ముద్ర ఉండాలి, జిరాక్స్ పనికిరాదు. అమ్మాయిదీ మా ఆయనదీ సులువుగానే వచ్చాయి. అత్తగారి దగ్గరే బండి ఆగింది. "నాకెందుకమ్మా ఈ కార్డులూ గీర్డులూ, మీరు కావాలంటే చేసుకోండి" అన్నారు. 2006 తర్వాత తెగ నుంచి వచ్చిన ఉత్తరాలన్నీ పక్కన పడేశారట. ఆవిడ సర్టిఫికెట్ మా ఆయనే తెప్పించాలి. కాలిఫోర్నియాలో ఇది రెండు రకాలుగా ఇస్తారు: ఒకటి పూర్తి హక్కుతో తీసుకునేది, రెండోది "గుర్తింపుకి చెల్లదు" అని అడ్డంగా ముద్ర కొట్టి ఇచ్చేది. కొడుక్కి మొదటిది అడిగే హక్కు ఉంది, కాకపోతే నోటరీ ముందు ప్రమాణ పత్రం సంతకం పెట్టి పంపాలి. పంపాం. అయినా సదరు కౌంటీ ఆఫీసు రెండోదే పంపింది. మళ్లీ ఫీజు, మళ్లీ నోటరీ. మా ఆయన విసుక్కుంటుంటే హెచ్-1బీ వీసా రోజుల్లో నాకు వచ్చిన నోటీసులు తీసి చూపించాను. ఆ తర్వాత నోరెత్తలేదు.

అసలు చిక్కు అమ్మమ్మ దగ్గర వచ్చింది. ఆవిడ సర్టిఫికెట్‌లో తండ్రి పేరు ఒకలా ఉంది, 1906 జాబితాలో ఇంకోలా ఉంది. సభ్యత్వ ఆఫీసులో కూర్చున్న ఆవిడ దాన్ని చూసి ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. ఓసేజ్ పేర్లని చెవికి తోచినట్టు ఇంగ్లీషులో రాసిన గుమస్తాల పుణ్యం, ఇలాంటివి రోజూ చూస్తుంటానంది. ముత్తాతగారు చనిపోయాక ఆస్తి పంపకం ఎక్కడో ఒకచోట జరిగి ఉంటుంది, పాత కోర్టు ఫైలులో వారసుల పేర్లు రాసి ఉంటాయి, సర్టిఫైడ్ కాపీ తెమ్మంది. 1912 చట్టం తర్వాత ఓసేజ్‌ల వారసత్వ కేసులు కౌంటీ కోర్టులోనే నడిచాయి, కాబట్టి ఫైలు పహస్కాలోనే దొరికింది.

ఆ ఫైలు కోసం వెళ్లింది ఒక్క పేజీకే అయినా నేను మొత్తం చదివాను. చదవకపోతే బాగుండేదని కొన్నిసార్లు అనిపిస్తుంది. ఆ రోజుల్లో సగం, అంతకుమించి ఓసేజ్ రక్తం ఉన్నవాళ్లకి, సొంతంగా వ్యవహారం చూసుకోగలరన్న సర్టిఫికెట్ లేకపోతే, వాళ్ల డబ్బు మీద ఒక గార్డియన్‌ని పెట్టేవాళ్లు. ఎక్కువగా ఊళ్లోని తెల్ల వ్యాపారులో లాయర్లో ఉండేవాళ్లు. 1921 చట్టం ప్రకారం అలాంటివాళ్ల చేతికి వాళ్ల డబ్బే మూడు నెలలకి 1,000 డాలర్లకు మించి ఇవ్వకూడదు. ముత్తాతగారి ఫైలులో బూట్లు, కిరాణా, డాక్టరు ఫీజు అన్నీ లెక్కకట్టి ఉన్నాయి, పక్కనే గార్డియన్ ఫీజు కూడా. బిడ్డలున్న పెద్దమనిషి బూట్లు కొనుక్కోవడానికి ఎవరినో అడగాల్సి వచ్చింది. మా ఆయన అది చదివి బయటికెళ్లి కారులో కూర్చున్నాడు. నేను కౌంటర్ దగ్గర కాపీలకి డబ్బు కట్టి వచ్చాను.

అదే రోజు ఓసేజ్ నేషన్ మ్యూజియంకి వెళ్లాం. 1938లో మొదలైంది, అమెరికాలో ఒక తెగ సొంతంగా నడిపే మ్యూజియాల్లో అన్నిటికన్నా పాతది. జాబితాలోని 2,229 మంది ఫొటోలు ఒక్కొక్కటిగా సేకరిస్తున్నారు. ముత్తాతగారిది ఉంది. మా అమ్మాయి చూసి "చెవులు నాన్నవే" అంది. నిజమే.

ఆ తర్వాత కార్డులు రావడం మామూలు వ్యవహారమే. ఫైలు పెట్టాం, కొన్నాళ్లు ఆగాం, వచ్చాయి. నిజం చెప్పాలంటే అమ్మాయి ఓసీఐకి (భారత మూలాలున్న విదేశీయులకి మన దేశం ఇచ్చే కార్డు) ఇంతకంటే ఎక్కువ టెన్షన్ పడ్డాను, ఆ ఫొటో సైజు గొడవలు తెలిసినవాళ్లకి అర్థమవుతుంది. ఇప్పుడు దాని దగ్గర అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ, ఓసేజ్ కార్డు మూడూ ఉన్నాయి. మా అమ్మ ఫోన్‌లో "అంటే పిల్లకి మూడు దేశాలా?" అంది. ఆ ప్రశ్నకి అమెరికా లాయర్లే సరిగ్గా జవాబు చెప్పలేరు.

కార్డుతో ఏం వస్తుందని అడిగేవాళ్లకి: పహస్కాలో తెగ నడిపే ఆరోగ్య కేంద్రం ఉంది, 2015లో ప్రభుత్వం చేతి నుంచి తమ చేతికి తీసుకున్నారు. అమ్మాయి పళ్ల డాక్టరు ఇప్పుడు అక్కడే, గంట డ్రైవ్ అయినా సరే. నాకు ఆ సౌకర్యం వర్తించదు. తెగ మనిషి బిడ్డ కడుపులో ఉన్నప్పుడైతే నాలాంటివాళ్లకీ చూస్తారట, ఆ సమయం దాటిపోయింది. పై చదువులకి స్కాలర్‌షిప్ ఉంది. భాష తరగతులు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, అమ్మాయి చేరింది. చిన్నప్పటి నుంచి ఓసేజ్‌లోనే మాట్లాడుతూ పెరిగిన చివరి మనిషి 2005లో పోయారు. మరుసటి ఏడాదే హర్మన్ మోంగ్రెయిన్ లుకౌట్ అనే పెద్దాయన ఓసేజ్‌కి సొంత లిపి తయారుచేశారు, 2016లో అది ఫోన్లూ కంప్యూటర్లూ వాడే అక్షరాల పట్టిక యూనికోడ్‌లోకి ఎక్కింది. క్లాసు నుంచి వచ్చిన మొదటి మెసేజ్ నా పాత ఫోన్‌లో అంతా డబ్బాలు డబ్బాలుగా కనిపించింది. ఒకప్పుడు తెలుగు సైట్లు తెరిస్తే ఇవే డబ్బాలు చూసినదాన్ని కాబట్టి ఫాంటు ఎక్కించడం నాకు చేతనైన విద్యే.

కాగితాల పని ఇంతటితో అయిపోయింది. కానీ ఆ ఫైలు తిప్పే రోజుల్లోనే ఇంకో ద్వారం తెరుచుకుంది. అత్తగారి పిన్ని కూతురు ఒకావిడ హామినీలో ఉంటుంది. మా ఆయనకి పెద్దమ్మ వరస. మొదటిసారి కలిసినప్పుడు కార్డు వచ్చిందా అని అడగలేదు. నన్ను చూసి "నువ్వు ఎవరి కోడలివి?" అంది. చెప్పాను. "అయితే జూన్‌లో వచ్చి వంటలో చెయ్యి వెయ్యి" అంది.

జూన్‌లో ఇలోన్ష్కా అనే నృత్యోత్సవం జరుగుతుంది. ఓసేజ్‌లకి పహస్కా, హామినీ, గ్రేహార్స్ అని మూడు ఊళ్లు, మూడు జిల్లాలు. ముందు గ్రేహార్స్, తర్వాత హామినీ, చివరికి పహస్కా, ఒక్కోచోట నాలుగు రోజులు. కా, పోంకా తెగల నుంచి 1880ల్లో ఈ నృత్యం వీళ్లకి వచ్చింది. ప్రతి జిల్లాలో ఒక డోలు, దాన్ని కాపాడే బాధ్యత ఒక ఇంటి పెద్దకొడుకుది. పందిరి కింద మగవాళ్లు డోలు చుట్టూ ఆడతారు, ఆడవాళ్లు శాలువాలు కప్పుకుని బయటి వరసలో ఆడతారు. ఫొటోలు తియ్యకూడదు, అందుకే నా దగ్గర ఒక్కటీ లేదు. అక్కడ చూసినదంతా రాయడం కూడా నాకు సమ్మతం కాదు. వంట గురించి మాత్రం రాయొచ్చు. ఒక్కో కుటుంబం తన శిబిరంలో వచ్చినవాళ్లందరికీ పెట్టాలి. మాంసం గ్రేవీ, వేయించిన రొట్టె, ఎండు మొక్కజొన్న సూపు, ద్రాక్షరసంలో ఉడికించిన పిండి ముద్దలు, తామర దుంపలు. ఓక్లహోమా జూన్ ఎండలో పెద్ద పెద్ద గిన్నెల ముందు నిలబడితే గుంటూరు మే నెల గుర్తొచ్చింది. పెద్దమ్మ ఒక్క పొగడ్త మాట అనలేదు. రెండో రోజు మాత్రం నాకు మాంసం కోసే కత్తి ఇచ్చింది, అంతకుముందు రోజంతా పళ్లేలు కడిగించింది. పక్కన ఉల్లిపాయలు తరుగుతున్న ఆవిడ, కత్తి ఇచ్చిందంటే నచ్చావని చెప్పింది.

తేలనిది ఒక్కటే, అమ్మాయికి ఓసేజ్ పేరు. ఇక్కడ వంశం తండ్రి నుంచి వస్తుంది, మన గోత్రం లాగే. పేరు కూడా ఆ వంశానికి చెందినదే పెట్టాలి. మా అమ్మాయికి తెగ సంబంధం వాళ్ల నానమ్మ వైపు నుంచి, తాతయ్య తెల్లాయన. అంటే రాజ్యాంగం లెక్కలో నిక్షేపంలా సభ్యురాలే, వంశం లెక్కలో మాత్రం ప్రశ్న ఉంది. ఇలాంటి ఇళ్లలో ఏం చెయ్యాలన్నది పెద్దలు కూర్చుని చూస్తారు. దానికి ఫారం లేదు, ఫీజు లేదు, ఫోన్ చేసి స్టేటస్ కనుక్కునే నంబరు లేదు. నాలాంటిదానికి ఇది కొంచెం కష్టమే. పెద్దమ్మని అడిగితే "ఆగు" అంది, అంతే. మా అమ్మాయికి మాత్రం ఏ తొందరా లేదు.

మొన్న మా ఆయనకి మొదటి బ్యాలెట్ వచ్చింది, ఓసేజ్ కాంగ్రెస్ ఎన్నికలది. వీడియో కాల్‌లో అత్తగారికి చూపించాడు. ఆవిడ కాసేపు చూసి, అభ్యర్థుల్లో ఇద్దరి ఇంటి పేర్లు గుర్తుపట్టి, వాళ్ల తాతల కబుర్లు మొదలుపెట్టారు. చివర్లో నన్ను పిలిచి, కాలిఫోర్నియాలో ఉన్నా ఇది పోస్టులో వస్తుందా అని అడిగారు. వస్తుందన్నాను. ఆవిడకి కావలసిన సర్టిఫికెట్లన్నీ మా ఫైలులో ఎలాగూ ఉన్నాయి, ఫారం నింపి పంపించాను. సంతకం పెట్టాలి.